పులి వేలిముద్ర

సిరొంచల కరెంటు పోతే
మళ్ల ఎప్పుడొస్తదో ప్రాణహితకు గూడ తెల్వది.
గసొంటి రాత్రులల్ల మా బక్కుబాయత్త
బీడీ కొసన ఎర్రచుక్కతోని
చీకట్ల కథ గీసేది.

బడిల సారు చెప్పిన కథ వేరే.
టోపి పెట్టుకున్న పిల్ల, తోడేలు, గొడ్డలి పట్టుకున్న మామ.
కడుపు కోస్తే అవ్వ నవ్వుకుంట బయటికొస్తది.
"తోడేలు కడుపేమన్న ఎస్టీ బస్సా,
ఎక్కినోళ్లు ఎక్కినట్టె దిగెటందుకు?"
అత్త తుపుక్కున ఊసి మొదలువెట్టేది.

అనగనగ అంకీస అవుతల, తునికాకు అడివి అంచున
బుచ్చుబాయి అనే అవ్వ.
మనుమరాలు మైసి.
టోపి యాడిది, వానకు యూరియా సంచి కొప్పెర.
గిన్నెల జొన్నగట్క, ఆకుల మామిడి తొక్కు.
తొవ్వల పులి ఎదురైంది.
దానికి తెలుగొచ్చు, మరాఠొచ్చు, గోండి గూడొచ్చు,
ఆకలి మటుకు ఒక్కటే.
"యాడికి బిడ్డా?" అన్నది.
మైసి చెప్పింది. పెద్దోళ్లు అడిగితె చెప్పాలె గద.

పులి అడ్డతొవ్వల ఉరికి అవ్వను తిన్నది.
అవ్వల తినెటందుకు ఏమున్నదని!
బొక్కలు, ఎండి కడియాలు, నలభై ఏండ్ల తంబాకు.
పులికి దగ్గు పట్టుకున్నది.
దగ్గుకుంటనే అవ్వ చీర చుట్టుకోని మంచమెక్కింది.

తలుపు కొట్టింది మైసి కాదు,
పింఛను మిషిను పట్టుకొచ్చిన పోరడు.
"అవ్వా, వేలు పెట్టు."
పులి పంజ పెట్టింది.
పచ్చలైటు ఎలిగింది.

మేమందరం నవ్వినం. అత్త నవ్వలె.
"అవ్వ బతికున్నప్పుడు
గా లైటు ఒక్కనాడన్న ఎలిగితె ఒట్టు.
తునికాకు తెంపి తెంపి గీతలరిగిన వేళ్లాయె.
పులేం పని చేస్తది? దాని గీతలు దానికున్నయ్."

అప్పుడొచ్చింది మైసి, తడుసుకుంట.
"అవ్వా, నీ చెవులెందుకే గంత పెద్దగైనయ్?"
"ఆఫీసుల మెల్లగ మాట్లాడుతరు బిడ్డా."
"కండ్లో?"
"లిస్టుల పేర్లు సన్నగ రాస్తరు."
"మరి పండ్లు?"
ఈడికి రాంగనే మా తమ్ముడు గొంగట్ల మూతి దాసుకునేటోడు.
పులి పండ్లు బయటపెట్టింది.
మైసి పండ్ల దిక్కు సూడలె,
మెత్త కింది నోట్ల దిక్కు సూసింది.
"సగం నాకు. లేకుంటె ఫారెస్టోళ్లకు చెప్త."
"చెప్పుకో" అన్నది పులి,
"నన్ను పోయినేడే లెక్కల చంపిండ్రు."

కాయితంల అవ్వ బతికున్నది.
కాయితంల పులి సచ్చిపోయింది.
ఇగ ఇద్దరికి లడాయి ఏమున్నది?
ఐతారం అంగట్ల మైసి రిబ్బన్లు కొన్నది,
పులి అద్దకిల బోటి కొన్నది.
పైసలిచ్చి తిన్న కూర రుచే వేరట.

కార్తీకంల హయాతి దాఖల తెమ్మన్నరు.
పులి కొంగు కప్పుకోని తహశీలుకు పోయింది,
పొద్దందాక లైన్ల నిలవడ్డది.
ఎవ్వలు తిరిగి సూడలె.
కిడికిలకెల్లి క్లర్కు చెయ్యి సాపిండు.
గా చేతుల పులికి ఏం కనవడ్డదో ఏమో,
చీర ఆడ్నే ఇడిసి అడివిల వడ్డది.

"మరి అవ్వ?" అడిగిన నేను.
"పోయినోళ్లు పోయిండ్రు, పండు."
"కథ కంచికేనా?"
"కంచికెందుకు? గడ్చిరోలికి పోయింది.
సంతకం కావాల్నట."

మొన్న అత్తను నేనే తోల్కపోయిన.
బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు.
తుడిసి పెట్టింది. ఎర్రలైటు.
ఊది పెట్టింది.
"మళ్ల రా అవ్వా" అన్నడు పోరడు, తలకాయ లేపకుంటనే.
అత్త నా దిక్కు సూసింది.
కొంగు సర్దుకున్నది.
మిషిను మీదికి వంగి
సన్నగ గుర్రుమన్నది.